ఫోర్క్‌లిఫ్టు కొనే ముందు సరుకు మూట చూసుకోవాలి
కృష్ణపట్నం తీరపు గిడ్డంగులలో ఏ బండికి ఏ పని?

నెల్లూరు: రబీ కోతలు మొదలై కల్లాల నుంచి మిల్లులకు ధాన్యం వచ్చిపడే రోజులలో నెల్లూరు చుట్టుపక్కల గోడౌన్ల ముందు లారీలు బారులు తీరి వుంటాయి. హమాలీలు తలగుడ్డలు సర్దుకుని, వాలుగా వేసిన చెక్క మీదుగా బస్తాలను వీపుల మీద మోసి లోపల నెట్టు కడుతూ వుంటారు. కొన్నిచోట్ల అదే గోడౌను మూలన ఒక ఫోర్క్‌లిఫ్టు దుమ్ము కొట్టుకుని నిలిచి వుండడమూ కద్దు. అది చెడిపోయి కాదు, దానికి అందవలసిన రూపంలో సరుకు లేక. యంత్రం వస్తే కూలి ఖర్చు తగ్గుతుందన్న లెక్కతో లక్షలు పోసి కొన్నవారికి తీరా చూస్తే వాయిదాలూ తప్పడం లేదు, కూలీ తప్పడం లేదు.

అక్కడి నుంచి పది మైళ్ళు రేవు వైపు వెళితే పరిస్థితి వేరు. ముత్తుకూరు, పంటపాళెం దారిలో వెలసిన నూనె శుద్ధి కర్మాగారాలలో గాని, రొయ్యల శీతల గిడ్డంగులలో గాని ఫోర్క్‌లిఫ్టు ఒక పూట ఆగిందంటే ఆ పూట లోడింగు సాగనట్టే లెక్క. ఒకే తీరం, దాదాపు ఒకే ధర బండి. ఒకచోట అది లాభం, మరొకచోట దండుగ. తేడా ఎక్కడ వస్తున్నదో తెలుసుకోకుండా బండి బేరమాడడం మంచిది కాదు. సాధారణంగా వర్తకులు ముందు అడిగేది టన్నుల సంగతి. ఆ ప్రశ్న రెండవది. సరుకు ఏ మూటలో వుంది, ఆ మూట దేని మీద కూర్చుని వుంది అనేది మొదటి ప్రశ్న.

ఫోర్క్‌లిఫ్టు మొదట అమెరికాలో పుట్టిన బండి. మిషిగన్ రాష్ట్రంలో క్లార్క్ కంపెనీ 1917లో తన కర్మాగారంలో సామాను మోయడానికి ఒక చిన్న ట్రాక్టరు తయారు చేసుకున్నది. ఎత్తే సాధనం దానికి తర్వాత వచ్చి చేరింది. అయినా రెండవ ప్రపంచ యుద్ధం దాకా దాని వాడకం పెద్దగా పెరగలేదు. యుద్ధ సామగ్రిని చెక్క పాలెట్ల మీద పేర్చి, ఓడకూ గిడ్డంగికీ మధ్య పాలెట్టుతో సహా కదిలించడం మొదలైన తర్వాతనే ఈ బండి లోకమంతా వ్యాపించింది. అంటే పాలెట్టూ బండీ జంటగా పెరిగినవి. మన దేశంలో గోద్రెజ్ సంస్థ 1960లలోనే వీటి తయారీ చేపట్టింది. కానీ మన ధాన్యపు వ్యాపారం మాత్రం బండిని తెచ్చుకుని పాలెట్టును వదిలేసింది.

త్రాసు వంటి బండి

ఎక్కువగా కనిపించే రకానికి కౌంటర్ బ్యాలెన్స్ ఫోర్క్‌లిఫ్టు అని పేరు. వర్తకులకు త్రాసు సంగతి వేరే చెప్పనక్కరలేదు గనుక దీన్ని అర్థం చేసుకోవడం సులువు. ముందు చక్రాల ఇరుసు త్రాసు ముల్లు. ఫోర్కుల మీది సరుకు ఒక సిబ్బి. వెనక అమర్చిన ఇనప దిమ్మ, ఇంజను లేదా బ్యాటరీ రెండవ సిబ్బి. సరుకు వైపు మొగ్గు వచ్చిందంటే వెనక చక్రాలు నేల వదులుతాయి. తిప్పేది వెనక చక్రాలతోనే గనుక, అవి తేలిపోతే బండి డ్రైవరు మాట వినదు.

బండి పక్కన బిగించిన రేకు మీద 3,000 కిలోలు అని వ్రాసి వుంటే ఏ సరుకునైనా మూడు టన్నులు ఎత్తుతుందని అర్థం కాదు. ఆ అంకె పక్కనే 500 మిల్లీమీటర్లు అని మరొక అంకె వుంటుంది. సరుకు బరువు మధ్యబిందువు ఫోర్కు మడమ నుంచి అర మీటరు దూరంలో వున్నంతవరకే ఆ మూడు టన్నులు. ఒక మీటరు లోతు పాలెట్టుకు ఇది సరిపోతుంది. పాలెట్టు 1,200 మిల్లీమీటర్ల లోతుగా వుండి, దాన్ని ఆ వైపు నుంచే ఎత్తితే మధ్యబిందువు 600 దగ్గరకు పోతుంది.

అప్పుడు లెక్క ఇలా వుంటుంది. ముందు ఇరుసు నుంచి ఫోర్కు మడమ దాకా 45 సెంటీమీటర్లు అనుకుందాం. 3,000ను 95తో హెచ్చించి 105తో భాగిస్తే సుమారు 2,714 కిలోలు వస్తుంది. సరుకు ఇంకా ముందుకు జరిగి మధ్యబిందువు 80 సెంటీమీటర్లకు చేరితే 2,280 కిలోలే. సుమారు 720 కిలోలు కొన్నవాడికి తెలియకుండానే పోయినట్టు. నెల్లూరు పుట్టి లెక్కలో చెప్పాలంటే, పుట్టి 850 కిలోలు గనుక, ముప్పాతిక పుట్టికి పైగా తరుగు. ఫోర్కులకు బదులు పట్టు వంటి అదనపు సాధనం తగిలిస్తే దాని బరువు కూడా ఇందులోంచే పోతుంది. ఎత్తుకు లేపిన కొద్దీ ఇంకా తగ్గుతుంది. బేరం చేసేటప్పుడు అమ్మకందారును అడగవలసినది, నా పాలెట్టుతో, నాకు కావలసిన ఎత్తులో, ఇది ఎంత ఎత్తుతుంది అని. వ్రాతపూర్వకంగా చెప్పించుకోవాలి.

బియ్యం బస్తా దగ్గర వచ్చిన చిక్కు

ధాన్యం, బియ్యం గోడౌన్లలో లెక్క కుదరకపోవడానికి కారణం చూద్దాం. 50 కిలోల బస్తాలు వరుసకు అయిదు చొప్పున ఎనిమిది వరుసలు పేర్చితే పాలెట్టుకు 40 బస్తాలు, రెండు టన్నులు. బండి ఒక్కొక్క తడవకు మూడు నిమిషాలు తీసుకుంటే గంటకు 20 తడవలు, 800 బస్తాలు, 40 టన్నులు. కాగితం మీద ఈ లెక్క చూసి మురిసిపోయే బండి కొంటారు.

కానీ లారీలో వచ్చే బస్తాలకు పాలెట్టు లేదు. 20 టన్నుల లారీ అంటే 400 బస్తాలు, పది పాలెట్లు. బండి పని అరగంట. ఆ 400 బస్తాలను లారీ నుంచి దించి పాలెట్ల మీద పేర్చవలసినది హమాలీలే. మళ్ళీ సరుకు బయటకు పోయేటప్పుడు పాలెట్టు మీద నుంచి తీసి లారీలో వెయ్యవలసినదీ వారే. మిగిలేది గోడౌను లోపల పది గజాల నడక మాత్రమే. ఆ నడకకు డీజిలు, డ్రైవరు, వడ్డీ కలుపుకుంటే ఆదా ఏమిటో ఎవరికి వారే వేసుకోవచ్చు.

స్థలం సంగతి దీనికి తోడు. గిడ్డంగుల సంస్థల పద్ధతిలో 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పున నెట్లు కట్టి, మధ్యలో మనిషి తిరిగేపాటి సందులు వదులుతారు. మూడు టన్నుల కౌంటర్ బ్యాలెన్స్ బండి సరుకుతో సహా తిరగడానికి సుమారు 12 అడుగుల దారి కావాలి. 50 అడుగుల వెడల్పు గోడౌనులో అటువంటి దారి ఒక్కటి విడిస్తే నేలలో నాలుగో వంతు దారికే పోతుంది. అద్దె గోడౌనులో ఇది నెలనెలా కట్టే నష్టం. పైగా పాలెట్ల మీద బస్తాలు మూడు అంతస్తులకు మించి నిలిపితే అడుగు బస్తాలు నలిగి ఒరగడం మొదలుపెడతాయి. హమాలీలు అల్లిక వేసి కట్టిన నెట్టుకు ఆ బెడద తక్కువ. ఇందులో వారి పనితనాన్ని మెచ్చుకోక తప్పదు.

కనుక బస్తాల గోడౌనుకు ఫోర్క్‌లిఫ్టు కంటే బస్తాలను పైకి చేరవేసే బెల్టు కన్వేయరు ఎక్కువ ఉపయోగం. ధర తక్కువ, స్థలం తక్కువ, మోత ఎత్తు తగ్గుతుంది గనుక హమాలీలకూ సుఖం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే ఒక మగ కార్మికుడు మోసే బరువు 55 కిలోలకు మించరాదని సిఫార్సు చేసింది. వంద కిలోల గోతాలను వీపున మోసిన తరం వారు ఇంకా మన మధ్య వున్నారు. బస్తా 50 కిలోలకు దిగిరావడం వారి వెన్నుకు జరిగిన మేలు.

హమాలీల ప్రస్తావన వచ్చింది గనుక ఒక మాట. వీరి పనిని, సంక్షేమాన్ని క్రమబద్ధం చేయడానికి 1976లో రాష్ట్రంలో ప్రత్యేకించి ఒక చట్టమే చేశారు. దాని పేరులోనే ముఠా, జట్టు, హమాలీ అన్న మాటలు వున్నాయి. బండి వస్తే జట్టు పోతుందన్న భయంతో చాలాచోట్ల మొదటి రోజే పేచీ వస్తుంది. పైన వేసిన లెక్క చూస్తే బస్తాల వ్యాపారంలో జట్టు పోదని తేలుతుంది. పాలెట్టు పేర్చే రేటు, నెట్టు కట్టే రేటు వేర్వేరుగా ముందే మాట్లాడుకోకపోవడమే పేచీకి అసలు కారణం. యజమాని పాత రేటే ఇస్తానంటాడు. జట్టు మేస్త్రి అదే బస్తాను రెండుసార్లు ముట్టుకోవలసి వస్తున్నదంటాడు. మేస్త్రి మాటలో న్యాయం వుంది.

మరి బియ్యంలో ఈ బండికి చోటే లేదా అంటే వుంది. మిల్లులో సంచి కుట్టు మిషను కింద నుంచి బయటకు వచ్చిన క్షణంలోనే పాలెట్టు మీద పడితే, ఆ తర్వాత గోడౌనుకు, అక్కడి నుంచి లోడింగు అరుగుకు పాలెట్టుతోనే కదిలితే బండి ఖర్చు రాబడుతుంది. టన్ను బరువు పట్టే జంబో సంచులలో సరుకు అమ్మేవారికి మరీ అనుకూలం. ఆ సంచికి పైన చెవులు వుంటాయి, ఫోర్కులు అందులో దూర్చి ఎత్తడమే. బియ్యం కొనేవారందరూ జంబో సంచులు ఒప్పుకోరన్నది వేరే విషయం.

కంటైనర్ల రాక, పోక

కృష్ణపట్నం రేవు కొత్త రూపంలో 2008లో పని మొదలుపెట్టింది. 2012లో కంటైనర్ టెర్మినలు వచ్చింది. ఎగుమతిదారులు రేవు దగ్గరే సరుకు నింపుకునే వీలు కలిగింది. 2020లో రేవులో 75 శాతం వాటా అదానీ సంస్థ చేతికి వచ్చింది, మరుసటి ఏడు మిగతా 25 శాతం కూడా. 2024 ఆరంభంలో కంటైనర్ ఓడలు రావడం నిలిచిపోయింది. దీని మీద రాజకీయంగా పెద్ద దుమారమే రేగింది. అప్పుడు కంటైనర్ సరుకు చెన్నై, కాట్టుపల్లి రేవుల దారి పట్టింది. ఇదిలా వుండగా అంతకు ముందే, 2023 జులై 20న, బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించింది. 2024 సెప్టెంబరు 28 దాకా, అంటే పద్నాలుగు నెలలు, ఆ నిషేధం సాగింది. ఎగుమతి పని కోసమే బండి కొని వున్నవారికి అవి ఒట్టి వాయిదాల నెలలు.

రేవులో కంటైనర్ పెట్టెలను ఎత్తే యంత్రం రీచ్ స్టాకరు. పొడవాటి చేయి చాచి పెట్టెను పైనుంచి పట్టుకుంటుంది. మొదటి వరుసలో 45 టన్నుల దాకా ఎత్తే బండి, రెండవ వరుసకు చేయి చాచితే ముప్పై చిల్లర టన్నులకు, మూడవ వరుసకు దాదాపు అందులో సగానికి పడిపోతుంది. మళ్ళీ త్రాసు సూత్రమే. ఇది మామూలు వర్తకుడు కొనే వస్తువు కాదు. బొగ్గు, ఇనప ఖనిజం వంటి విడి సరుకులకైతే కన్వేయర్లు, లోడర్లే గాని ఫోర్కులతో పని లేదు.

అయితే కంటైనరు దూరపు రేవులో ఎక్కవలసి వచ్చినప్పుడు స్థానిక గిడ్డంగి మీద ఒక బరువు పడుతుంది. పెట్టెను తమ ఆవరణలోకే రప్పించుకుని, నింపి, సీలు వేసి సుమారు 175 కిలోమీటర్లు పంపాలి. ఓడ వేళకు అందకపోతే పెట్టె నిలవ ఛార్జీలు తమవే. 20 అడుగుల పెట్టెలో 50 కిలోల బియ్యం సంచులు దరిదాపు 500 పడతాయి. దాని లోపలికి బండి వెళ్ళి రావాలంటే మూడు సంగతులు చూసుకోవాలి.

పెట్టె తలుపు ఎత్తు 2.28 మీటర్లు. మాస్టు దించినప్పుడు అంతకంటే తక్కువ ఎత్తులో వుండాలి. లోపల ఫోర్కులు పైకి లేచేటప్పుడు మాస్టు వెంటనే పెరగకూడదు, లేకపోతే పైకప్పుకు తగులుతుంది. దీన్ని ఫ్రీ లిఫ్టు అంటారు. చౌకగా వచ్చే సాదా రెండంతస్తుల మాస్టు బండ్లలో ఇది నామమాత్రం. మూడంతస్తుల మాస్టులో పూర్తిగా వుంటుంది. రెండవది, పెట్టె అడుగు బలం. పాత అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కంటైనరు అడుగును 5,460 కిలోల ఇరుసు బరువుకు పరీక్షించేవారు. తర్వాత దాన్ని 7,260కి పెంచారు. మూడు టన్నుల బండి తన బరువుతో, సరుకు బరువుతో కలిసి ముందు ఇరుసు మీద పాత హద్దును తేలికగా దాటిపోతుంది. కనుక ఈ పనికి రెండు టన్నుల లోపు బండే తగినది. పెద్దది కొంటే మంచిదన్న మన అలవాటు ఇక్కడ ఎదురు తిరుగుతుంది. మూడవది, పెట్టె ట్రెయిలరు మీద వుంటుంది, బండి నేల మీద వుంటుంది. మధ్యన అరుగో, ఇనప ర్యాంపో లేకపోతే బండి తలుపు దగ్గరే ఆగిపోతుంది. ర్యాంపు ధర బండి ధరలో కలిపి చూసుకున్నవారు తక్కువ.

రొయ్యల గిడ్డంగిలో

వనామి రొయ్యల సాగుకు 2009లో అనుమతి లభించిన తర్వాత ఈ తీరంలో శీతల గిడ్డంగుల ప్రాధాన్యం పెరిగింది. ఇక్కడ సరుకు మైనస్ 18 డిగ్రీలలో, అట్టపెట్టెలలో, పాలెట్ల మీద వుంటుంది. చల్లదనానికి కరెంటు ఖర్చు ప్రతి ఘనపుటడుగుకూ పడుతున్నది గనుక స్థలం బంగారం. పన్నెండడుగుల దారి వదిలే ప్రసక్తి లేదు. అందుకే ఇక్కడ రీచ్ ట్రక్కు రావాలి.

రీచ్ ట్రక్కుకు వెనక పెద్ద దిమ్మ వుండదు. ముందుకు చాచిన రెండు కాళ్ళ మధ్య బరువు పట్టుకుంటుంది. ర్యాకు దగ్గర మాత్రం మాస్టు ముందుకు జరిగి సరుకు అందుకుని మళ్ళీ కాళ్ళ మధ్యకు లాక్కుంటుంది. డ్రైవరు పక్కకు తిరిగి కూర్చుంటాడు. తొమ్మిది, పదడుగుల దారిలో పని చేసి, పది మీటర్ల ఎత్తుకూ సరుకు చేర్చగలదు. అంతకంటే ఇరుకైన ఆరడుగుల సందులో నడిచే రకాలూ వున్నాయి గాని వాటికి నేల అద్దంలా వుండాలి, పట్టాలో తీగలో దారి చూపాలి. మన గిడ్డంగులలో అంత అవసరం అరుదు.

రీచ్ ట్రక్కు చక్రాలు చిన్నవి, గట్టివి. పగిలిన గచ్చు మీద, వాననీటి బురద మీద అది నడవదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాలు ఈ తీరాన్ని తడిపే రోజులలో దాన్ని ఆరుబయటకు తెస్తే అక్కడే నిలిచిపోతుంది. బయటి పనికి గాలి టైర్ల బండి, లోపలి పనికి రీచ్ ట్రక్కు అని రెండూ వుంచుకోవలసిందే. ఒకదానితో రెండు పనులూ చేయిద్దామనుకున్నచోటే రిపేరు బిల్లులు పెరుగుతాయి.

చలిలో బ్యాటరీ శక్తి కూడా బాగా పడిపోతుంది, మూడో వంతు దాకా పోయినా ఆశ్చర్యం లేదు. హైడ్రాలిక్ నూనె చిక్కబడుతుంది గనుక శీతల గిడ్డంగికి తగిన నూనె వేరే పోయాలి. అన్నిటికంటే పెద్ద శత్రువు తేమ. మైనస్ 18 నుంచి బయటి ఉక్కపోతలోకి వచ్చిన బండికి నిమిషాలలో చెమట పడుతుంది. ఆ నీరు వైర్లలో, స్విచ్చులలో చేరి, మళ్ళీ లోపలికి వెళ్ళగానే మంచు కడుతుంది. గంటకు పదిసార్లు లోపలికీ బయటికీ తిప్పే పద్ధతి మాని, లోపలి బండి సరుకును మధ్య గది దాకా తెచ్చి వదలడం, అక్కడి నుంచి మరొకటి అందుకోవడం మంచిది.

దళారులకు, బ్యాంకులకు పట్టే విషయం ఒకటి వుంది. స్థలం కలిసి వస్తుందని కొందరు బండి ర్యాకు లోపలికే దూరి వెళ్ళే డ్రైవ్ ఇన్ ర్యాకులు వేయిస్తారు. అందులో చివర పెట్టినది ముందు వస్తుంది. కొనుగోలుదారు ఫలానా లాటు, ఫలానా కోడు కావాలన్నప్పుడు అది అడుగున చిక్కుకుని వుంటే ముందున్నదంతా తీసి, మళ్ళీ పెట్టాలి. తాకట్టు పెట్టిన సరుకులో ఒక లాటును విడిపించుకునేటప్పుడూ ఇదే అవస్థ. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికాలో మన సరుకులపై సుంకం 50 శాతానికి చేరినప్పుడు రొయ్య వ్యాపారులు ఒక దేశానికి కట్టిన లాటును మరొక దేశానికి మళ్ళించే ఆలోచనలో పడవలసి వచ్చింది. అటువంటి వేళ ఏ పాలెట్టునైనా నేరుగా అందుకోగల ర్యాకు, దానికి తగిన రీచ్ ట్రక్కు ఎంత అవసరమో తెలుస్తుంది.

నూనె, ఎరువులు, నిమ్మకాయలు

నూనె ప్యాకెట్ల అట్టపెట్టెలు, డబ్బాలు ఫోర్క్‌లిఫ్టుకు పుట్టినవే అనవచ్చు. కర్మాగారంలోనే పాలెట్టు మీదికి చేరి, పైన సాగే ప్లాస్టిక్ చుట్టుకుని వస్తాయి. ఇక్కడి జాగ్రత్తలు రెండు. తినే సరుకు పక్కన డీజిలు పొగ కూడదు గనుక బ్యాటరీ బండి వాడాలి. కారిన నూనె గచ్చు మీద వుంటే బ్రేకు పట్టదు గనుక నేల తుడిచే మనిషి జీతం దండుగ అనుకోరాదు. లారీ లోపల అటూ ఇటూ జరపడానికి చేతితో లాగే హ్యాండ్ పాలెట్ ట్రక్కు చాలు. రెండున్నర టన్నులు లాగే ఈ సాధనం ధర వేలలోనే. చిన్న గోడౌనుకు ఇది రెండు, ఎత్తు పేర్చడానికి మనిషి వెంట నడిచే బ్యాటరీ స్టాకరు ఒకటి వుంటే పెద్ద బండి అవసరమే రాదు. అమ్మకందారులు దీన్ని గట్టిగా చెప్పరు.

ఎరువులు ఓడలో విడిగా వచ్చి రేవులో సంచులకు ఎక్కుతాయి. యూరియా సంచి 2018 నుంచి 45 కిలోలు. అక్కడి నుంచి లారీకి, వ్యాగనుకు మోత పనే. బండి వాడినా ఎరువు దుమ్ము, ఉప్పుగాలి కలిసి గొలుసులను, వైర్లను తినేస్తాయి. రోజూ కడిగి, గొలుసుకు నూనె పెట్టవలసిందే. ఇక గూడూరు నిమ్మ మార్కెట్టులో బండికి బొత్తిగా పని లేదు. వేలం ముగిసిన గంటలో బస్తా లారీ ఎక్కి వెళ్ళిపోవాలి, పాలెట్టు వెతుక్కునే తీరిక ఎవరికీ వుండదు.

ఇంధనం సంగతి. ఆరుబయట, ఎగుడుదిగుడు నేల మీద, ఎక్కువ గంటల పనికి డీజిలు బండి. లోపలి పనికి బ్యాటరీ. మామూలు లెడ్ ఆసిడ్ బ్యాటరీని ఎనిమిది గంటలు ఛార్జి చేసి, కొంతసేపు చల్లారనివ్వాలి. రెండు షిఫ్టులు నడపాలంటే రెండవ బ్యాటరీ, దాన్ని మార్చే ఏర్పాటు కావాలి. ఛార్జి చేసేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది గనుక ఆ గదికి గాలి ఆడాలి, బీడీ నిప్పు దరిచేరకూడదు. లిథియం బ్యాటరీకి ఈ బాధ లేదు, భోజన విరామంలోనూ ఛార్జి పెట్టుకోవచ్చు. ధర మాత్రం ఎక్కువ. పాత లెడ్ ఆసిడ్ బండిలో లిథియం పెట్టించేవారు ఒక సంగతి మరువరాదు. ఆ పాత బ్యాటరీ బరువు కూడా త్రాసులో వెనక సిబ్బిలోదే. తేలిక బ్యాటరీ పెట్టి ఆ మేరకు దిమ్మ వెయ్యకపోతే బండి ముందుకు మొగ్గుతుంది.

ప్రాణం మీదికి వచ్చే తప్పులు

నాలుగు చక్రాలున్నా ఈ బండి నిలకడ మూడు బిందువుల మీదే. ముందు రెండు చక్రాలు, వెనక ఇరుసు మధ్యనున్న కీలు. ఈ త్రికోణం దాటి బరువు మధ్యబిందువు పక్కకు జరిగితే బండి పడిపోతుంది. సరుకు పైకెత్తి మలుపు తిప్పడం, ఖాళీ బండిని వేగంగా తిప్పడం రెండూ ప్రమాదమే. సరుకును నేలకు జానెడు ఎత్తులో వుంచి నడపాలి. వాలు ఎక్కేటప్పుడు సరుకు ముందుండాలి, దిగేటప్పుడు వెనక్కి నడపాలి. ఎప్పుడూ సరుకు ఎగువ వైపే వుండాలన్నమాట. పడిపోతున్న బండి నుంచి దూకబోయిన డ్రైవరు పైకప్పు చట్రం కింద నలిగిపోతాడు. బెల్టు పెట్టుకుని, స్టీరింగు గట్టిగా పట్టుకుని సీటులోనే వుండాలని ప్రతి శిక్షణలోనూ చెబుతారు. హమాలీని ఫోర్కుల మీద నిలబెట్టి నెట్టు పైకి పంపడం మన గోడౌన్లలో చూస్తూనే వుంటాం. దీన్ని యజమానే ఆపించాలి, ఎందుకంటే డ్రైవరు చెప్పినా జట్టు వినదు, జట్టు చెప్పినా తొందరలో వున్న గుమాస్తా వినడు.

నాలుగు నెలల సీజను పని వున్నవారు కొనడం కంటే అద్దెకు తెచ్చుకోవడమే మేలు. ఎడగారు పంట కూడా వచ్చే ఏళ్ళలో అద్దె కాలం పెంచుకునే షరతు ముందే వ్రాయించుకోవాలి. డ్రైవరు ఎవరు, డీజిలు ఎవరిది, బండి ఆగిన రోజుకు అద్దె కట్టాలా అన్నవి కాగితం మీద వుండాలి. పాత బండి కొనేవారు గంటల మీటరును నమ్ముకోరాదు, దాన్ని మార్చడం కష్టం కాదు. మడమ దగ్గర ఫోర్కు మందం కొలవాలి. పదో వంతు అరిగిందంటే దాని బలం అయిదో వంతు పోయినట్టు, ఆ ఫోర్కు మార్చవలసిందే. మాస్టు గొలుసును కొలిస్తే అసలు పొడవు మీద నూటికి మూడు వంతులు సాగి వుంటే అదీ అంతే. ఫోర్కుల మీద సరుకు పెట్టి మనిషి ఎత్తున పది నిమిషాలు నిలిపి చూడాలి, తనంతట తానే దిగిపోతుంటే సిలిండరు సీళ్ళు పోయాయని గుర్తు. టన్నులూ మిల్లీమీటర్లూ వ్రాసిన రేకు వూడిపోయి వుంటే, లేదా రంగు కింద మూసుకుపోయి వుంటే, ఆ బండి తయారీ నంబరు పట్టి కంపెనీ నుంచి కొత్త రేకు తెప్పించి బిగించిన తర్వాతనే మిగతా సొమ్ము చెల్లించాలి.